పగ్గం వదిలితే ఆగే గుర్రం

ఇందుకూరుపేట
1961 ఏప్రిల్

గిండీ పందేల మైదానంలో గుర్రాలను సాకే పెద్ద సైసుగా ఉన్న హనీఫాకు,

నేను మదార్‌బీని. వయసు అరవై ఐదో, ఆరో. పెన్నకు పెద్ద వరద వచ్చిన ఏడు నాకు పాలపళ్ళు ఊడుతున్నాయని మన అమ్మ చెప్పేది, లెక్క నువ్వే కట్టుకో. కాలం చేసిన జట్కా ఖాదర్ సాహెబు భార్యను. కాపురం ఇందుకూరుపేట మసీదు వీధి. ఇంట్లో ఉండేది నేను, నా కొడుకు మీరా మొహిద్దీన్, నా కోడలు ముంతాజ్ బేగం, పెరట్లో నువ్వు అంటగట్టిన గుర్రం.

ఇదంతా నాకు తెలియదా అక్కా అంటావు. తెలుసు. కానీ ఇది అక్క తమ్ముడికి రాయించే ఉత్తరం కాదు. నీ మీద ఫిర్యాదు. ఫిర్యాదులో ముందు పేరూ వయసూ ఇల్లూ చెప్పాలని, రాసిపెడుతున్న పక్కింటి పుష్పకుమారి టీచరమ్మ అంది. నాకు అక్షరం రాదు గానీ పద్ధతి తెలుసు.

మా ముసలి గుర్రం చచ్చిపోయి మీరా దిగాలుగా కూర్చున్నప్పుడు నువ్వు మద్రాసు నుంచి దీన్ని లారీ ఎక్కించి తెచ్చావు. "ఆవు లాంటిదక్కా, చంటిబిడ్డ తోక పట్టుకున్నా ఏమనదు. బండికి కూడా అలవాటు చేసినాను" అని నోటితో చెప్పావు. పేరు బ్లూ లాంతర్ అట. మేం లాంతరు అంటున్నాం. కొన్నాళ్ళు బాగానే నడిచింది. పోయిన శుక్రవారం నెల్లూరు నుంచి మనుషుల్ని ఎక్కించుకుని వస్తుంటే, కాలవ వంతెన దగ్గర ఎదురుగా వచ్చిన లారీ హారను కొట్టింది. గుర్రం అదిరింది. మీరా పగ్గాలు లాగాడు. వాడు లాగేకొద్దీ ఇది దూసుకుపోయింది. వంతెన గోడకు చక్రం తగిలి బండి ఒరిగింది. మనుషులకు ప్రాణాపాయం లేదు, దేవుడు చూశాడు. కూరగాయలమ్ముకునే కామాక్షమ్మ గంపెడు వంకాయలు కాలవలో పడ్డాయి. ఆమె తెల్లారి మా గుమ్మం ముందు నిలబడి, "నేను బండెక్కినాను గానీ ఇమానం ఎక్కలా తల్లీ" అని వీధి వీధంతా వినేట్టు అరిచిపోయింది.

బండ్ల ఇనస్పెక్టరు వచ్చి బండి నంబరు బిళ్ళ ఊడబెరికి తీసుకుపోయాడు. జూలైలో మళ్ళీ వస్తాడట. ఆ రోజు ఆయన కళ్ళ ముందు ఈ గుర్రం పరిగెత్తాలి, ఆగమన్నచోట ఆగాలి. ఆగితే బిళ్ళ ఇస్తాడు. ఆగకపోతే ఇక దీన్ని రోడ్డు ఎక్కనివ్వడు. ఇంకో గుర్రం మాకు లేదు. జట్కా తప్ప ఇంకో పని మా ఇంట్లో ఎవరికీ రాదు.

కాబట్టి నువ్వు వచ్చి ఈ పిచ్చిదాన్ని తోలుకుపోయి, బుద్ధి ఉన్న గుర్రాన్ని ఇచ్చి పోవలసింది. రాకపోతే నేనే మద్రాసు వస్తాను. అక్కడ నీ దొరల ముందు నిన్ను చెవి పట్టుకుని నిలబెడతాను.

మదార్‌బీ, వేలిముద్ర

*

ఊటీ
1961 మే

మదార్‌బీ అక్కకు తమ్ముడు హనీఫా సలాములు.

నీ ఫిర్యాదు గిండీ పోయి, అక్కడ మేం లేమని కొండెక్కి ఇక్కడికి వచ్చింది. ఎండాకాలం పందేలు ఊటీలోనని ఎన్నిసార్లు చెప్పాను! ఈ చలికి గుర్రాలకు రెండేసి దుప్పట్లు కప్పుతున్నాం. సైసులకు మాత్రం ఒకటే.

నన్ను ఏమైనా అను. బ్లూ లాంతర్‌ను పిచ్చిది అనకు. అది మెయిడెన్‌గా దిగిన మొదటి పందెమే గెలిచింది. మెయిడెన్ అంటే అంతవరకు ఒక్కటీ గెలవని గుర్రం. ఐదు ఫర్లాంగుల దూరంలో దాని ముందు నిలబడ్డ గుర్రం ఆ ఏడాది లేదు. ప్యాడాక్‌లో, అంటే పందానికి ముందు గుర్రాలను జనానికి నడిపించి చూపించే ఆవరణలో, మిగతావి నురగలు కక్కుతుంటే ఇది నా భుజం మీద తల పెట్టుకుని కునుకు తీసేది. వయసు మీద పడి వెనకబడింది గానీ మతి చెడలేదు. ఒక్కసారి కూడా మనిషిని పడేసి ఎరగదు.

నాకు ఒక్క సంగతి కావాలి. లారీ వచ్చినప్పుడు మీరా పగ్గాలు ఎట్టా పట్టుకున్నాడు? సరిగ్గా అడిగి రాయించు. వాడికి దెబ్బలేమైనా తగిలాయా? ఆ మాట నువ్వు రాయించలేదు.

నీ తమ్ముడు
హనీఫా

*

ఇందుకూరుపేట
1961 మే

హనీఫాకు,

పగ్గాలు చేత్తో పట్టుకున్నాడు. నోటితో కాదు. మన నాయనా, మా ఆయనా, వాళ్ళ నాయనా ఎట్టా పట్టుకున్నారో అట్టాగే. లాగితే గుర్రం ఆగుతుంది, లోకమంతా అంతే. నీ గుర్రం లాగినకొద్దీ మెడ సాచి ఆ కళ్ళెం మీదే ఒరిగి పరిగెత్తిందని మీరా చెబుతున్నాడు. వాడు వెనక్కి వాలి, కాళ్ళు తన్నిపెట్టి, రెండు చేతులా లాగాడట. అది ఇంకా వేగం పెంచిందట. చాలా? ఇంకేం కావాలి నీకు?

మెయిడెన్ అంటే గెలవనిది అన్నావు. గెలవనివాటికి అంత నాజూకు పేరెందుకు? మన ఊళ్ళో అయితే మొద్దు అంటారు.

మీరా కాలు కాస్త బెణికింది. పసుపు కడుతున్నాం.

(హనీఫా గారికి నమస్కారం. పై మాట నేను రాశాను గానీ అది నిజం కాదు. మీరా తొడ ఎముక విరిగింది. నెల్లూరు ఆసుపత్రిలో కట్టు కట్టి పంపారు. శ్రావణమాసం దాకా మంచం దిగకూడదన్నారు. మీకు బెంగ ఎందుకని అమ్మ చెప్పనివ్వడం లేదు. ఈ నాలుగు ముక్కలూ ఆమెకు చదివి వినిపించను. — పుష్పకుమారి)

ఏం రాస్తున్నావమ్మా అంతసేపు అంటే టీచరమ్మ చుక్కలు పెడుతున్నానంటోంది. నీ జవాబు తొందరగా రావాలి.

మదార్‌బీ, వేలిముద్ర

*

ఊటీ
1961 మే

అక్కకు సలాములు.

తప్పు ఎక్కడుందో దొరికింది. లాంతరు తప్పు కాదు, మీరా తప్పు కాదు. చదువుతుంటే కోపం ఆపుకుని చివరిదాకా విను.

మైదానంలో జాకీ పగ్గాలు కురచ చేసి బిగించి పట్టుకుంటాడు. గుర్రం ఆ కళ్ళెం మీద ఆనుకుని, దాన్నే ఊతగా చేసుకుని పరిగెత్తుతుంది. పగ్గం ఎంత బిగిస్తే అంత పరుగని దానికి కూనగా ఉన్నప్పటి నుంచి నేర్పుతాం. గెలుపు గుంజ దాటాక జాకీ ఏం చేస్తాడో తెలుసా? చేతులు దించేస్తాడు. పగ్గం పొడుగ్గా వదిలేస్తాడు. అయిపోయింది తల్లీ అని చెప్పడమన్నమాట. అప్పుడు గుర్రం గ్యాలప్ మానుతుంది, అంటే దౌడు మానుతుంది. క్యాంటర్‌లోకి, అంటే మెల్లని పరుగులోకి వచ్చి, తర్వాత నడకలోకి వస్తుంది.

మీరా ప్రాణభయంతో లాగాడు. అది అనుకుంది, గుంజ దగ్గరపడింది, ఇంకా పరిగెత్తమంటున్నాడు అని. పాపం ఇద్దరూ మంచి పనే చేస్తున్నామనుకున్నారు.

బండికి అలవాటు చేశానన్నది కొంతవరకే నిజం. మైదానం చదును చేసే రోలరుకు రెండుసార్లు కట్టి చూశాను. ఏమీ అనలేదు. నువ్వు తిట్టేదంతా ఇక్కడిదాకా వినబడుతోంది.

రోడ్డు మీద ఇప్పుడే వద్దు. మైపాడు సముద్రం ఒడ్డున తడి ఇసుక మీద ఖాళీ బండి కట్టి తోలించు. ఆగాలంటే చేతులు దించాలి, వదలాలి. భయం వేసినప్పుడు మనిషి చెయ్యి తనంతట తనే బిగుసుకుంటుంది, అదే కష్టం. మా దగ్గర గొప్ప జాకీని పొగడాలంటే అతనికి చేతులున్నాయంటారు. అందరికీ ఉంటాయి గదా అనకు. కళ్ళెం అవతల ఉన్న నోటిని నొప్పించని చేతులని అర్థం. అట్లాంటి మనిషి కావాలి. బెణికిన కాలుతో మీరా జూలైకి బండెక్కలేడు. ఎవరు తోలతారు?

టీచరమ్మకు నా కృతజ్ఞతలు. ఆమె పెట్టిన చుక్కలు చాలా బాగున్నాయి.

హనీఫా

*

ఇందుకూరుపేట
1961 జూన్

హనీఫాకు,

రోలరుకు కట్టావా! మా ఆయన బతికుంటే ఆ రోలరు నీ మీద నుంచి తోలించేవాడు.

పగ్గం వదిలితే ఆగే గుర్రం ఉంటుందని నమ్మడానికి నాకు వారం పట్టింది. ఊళ్ళో బండి తోలే గంగాధరాన్ని బతిమాలి మైపాడు తీసుకుపోయాను. ఒడ్డున లాంతరు కాస్త జోరందుకోగానే "గంగాధరం, చేతులు దించరా, వదలరా" అని అరిచాను. "నీకు పిచ్చి పట్టిందా పెద్దమ్మా, వదిలితే చస్తాం" అని వాడు ఇంకా గట్టిగా లాగాడు. అది ఇంకా జోరుగా పోయింది. చివరికి నీళ్ళలోకి దిగితేనే నెమ్మదించింది. గంగాధరం బండి దిగి, తలపాగా ఇసుకలో పడేసుకుని వెనక్కి చూడకుండా ఊళ్ళోకి పోయాడు.

తర్వాత వేరే మనిషిని కుదుర్చుకున్నాను. పేరు నీకెందుకు? ఆ మనిషి లగాం పట్టుకుంటే చంటిబిడ్డ వేలు పట్టుకుని నడిపిస్తున్నట్టుంటుంది. మొదటిరోజు నడిపించడమే. తర్వాత మెల్లని పరుగు. తర్వాత దౌడు. దౌడులో ఉండగా నేను బండిలో కూర్చుని కళ్ళు మూసుకుని కలిమా చదువుకుంటున్నాను. ఆ మనిషి చేతులు ఒడిలోకి దించింది. హనీఫా, సముద్రపు అల ఒడ్డుకొచ్చి చప్పుడు తగ్గించుకున్నట్టు, లాంతరు నెమ్మదించి నెమ్మదించి నడకలోకి వచ్చింది. నేను నవ్వాను. టీచరమ్మా, ఇది రాయొద్దు.

(రాశాను. — పుష్పకుమారి)

కానీ కొత్త తంటా వచ్చింది. నడకలోకి వస్తుంది గానీ నిలబడదు. తల ఎత్తి అటూ ఇటూ ఎవరినో వెతుక్కుంటూ పోతూనే ఉంటుంది. ఒడ్డున వల ఆరేసుకుంటున్న పల్లెకారి ముత్యాలయ్య దగ్గరికి పోయి, ఆయన ఎదకు నుదురు ఆనించింది. ఆయన వలతో సహా వెల్లకిలా పడ్డాడు. "నాకు చేపలతోనే ఏగలేకుండా ఉండా, ఈ గుర్రంతో చుట్టరికం యాడ పెట్టుకునేది మదార్‌బీ!" అన్నాడు. ఇనస్పెక్టరు ముందు ఇట్టా తిరుగుతుంటే బిళ్ళ ఇస్తాడా? ఎవరికోసం వెతుకుతోంది అది?

మదార్‌బీ, వేలిముద్ర

*

ఊటీ
1961 జూన్

అక్కకు సలాములు.

నాకోసం.

పందెం అయ్యాక సైసు ఎదురుపోయి కళ్ళెం పట్టుకుని, మెడ తట్టి, గట్టిగా శాభాష్ అని చెప్పి లోపలికి నడిపించుకుపోతాడు. దాన్ని లీడింగ్ ఇన్ అంటాం. గెలిచినా ఓడినా నేను దానికి శాభాష్ చెప్పకుండా ఉన్నది లేదు. ఆ మాట వినేదాకా పందెం అయిపోలేదనే దాని లెక్క. నీ ఉత్తరం చదివి కాసేపు దాణా గదిలో కూర్చున్నాను. బండి తోలే మనిషి దిగి, ఎదురుగా వచ్చి, మెడ మీద చెయ్యేసి శాభాష్ అనాలి. అప్పుడు రాయిలా నిలబడుతుంది. మెల్లగా బండి మీద నుంచి అన్నా చాలేట్టు అలవాటు చేయవచ్చు, అది తర్వాత.

ఈ వారం మా గుర్రం ఓడింది. పోయినసారి గెలిచిందని దాని వీపు మీద సీసపు బిళ్ళల బరువు పెంచారు. దీన్ని హ్యాండికాప్ అంటారు. బాగా పరిగెత్తేదానికి ఎక్కువ బరువు, మందకొడిదానికి తక్కువ బరువు. అందరూ గుంజ దగ్గరికి ఒకేసారి రావాలని వాళ్ళ కోరిక. మమ్మల్ని ఓడించింది ఒక ఆడగుర్రం. మగగుర్రాలతోనే కలిసి పరిగెత్తింది. ఆడగుర్రాలకు బరువులో కొంచెం తగ్గింపు ఇస్తారు, అంతే. పందెంలోకి రావద్దని ఎవరూ అనరు.

నువ్వు ఆ మనిషి చేతులు ఒడిలోకి "దించింది" అని రాయించావు. నేను సైసునే గానీ గుడ్డివాణ్ణి కాను. ఎవరక్కా?

హనీఫా

*

ఇందుకూరుపేట
1961 జూన్

హనీఫాకు,

ముంతాజ్.

నేను పంపలేదు. గంగాధరం పారిపోయిన రోజు లాంతరు నీళ్ళలో నిలబడి ఉంటే, నేను ఒడ్డున కూర్చుని తల పట్టుకున్నాను. దానికి రోజూ శెనగలు పెట్టేది ఈ పిల్లే గదా, తోడుగా వచ్చింది. బురఖా అంచు నడుముకు చుట్టి నీళ్ళలోకి దిగింది. పగ్గం అందుకుని, "అత్తా, హనీఫా మామ చెప్పినట్టు నేనొకసారి చూడనా?" అంది. వద్దనేలోపు ఎక్కేసింది. ఇంటికి వచ్చి ఆరేళ్ళయింది. వాకిట్లోకి వచ్చి నిలబడితే నేనే లోపలికి పొమ్మనేదాన్ని. ఇప్పుడైనా పొమ్మంటాను, వాకిట్లో పని లేకపోతే. నేనేం మారలేదు. బండి అయితే వేరు.

నీ హ్యాండికాప్ సంగతి విని నాకు కొత్తగా అనిపించలేదు. బాగా చేసే మనిషి మీదే ఇంకో బరువు పెట్టడం మా ఇంట్లో ఎప్పటి నుంచో ఉంది. మంచం మీది మొగుడు, పొయ్యి, నీళ్ళు, నేను, ఇప్పుడు ఈ గుర్రం. అయినా ముందే వస్తోంది ఆ పిల్ల.

మీరాకు తెలిసిపోయింది. జట్కా స్టాండు మేస్త్రి పోలేరయ్య వచ్చి మంచం పక్కన కూర్చుని చెప్పిపోయాడు. "ఏందయ్యా మీరా, నీ పెళ్ళాం మైపాడు ఒడ్డున బండి తోలతా ఉందంట గదా. రేపు మా స్టాండులో నిలపను వస్తుందా? మేం ఒప్పుకోం." మీరా గోడవైపు తిరిగాడు. ఆ పిల్లతో మాట మానేశాడు. అన్నం పెడితే చెయ్యి కడుక్కోడు. నేను పెడితేనే తింటాడు, అదీ సగం. "నా బండి నా ఎదట ఆడది తోలితే నేను బతికుండేది ఎందుకమ్మా" అన్నాడు నాతో. "నువ్వు బతికుండేందుకేరా తోలేది" అన్నాను.

ముంతాజ్ ఏడవలేదు. తెల్లారుజామునే బండి కట్టడం ఆపలేదు. మాట్లాడని మొగుడి పక్కన నీళ్ళచెంబు పెట్టి పోతుంది. ఆమె మీద నాకు కోపం వచ్చింది, ఒక్కసారైనా ఎదురు చెప్పదేమని.

నిన్న ఏం జరిగిందంటే, ముంతాజ్ లాంతరును తోలుకుని మైపాడు నుంచి తిరిగొస్తోంది. నేను మీరా తలకు నూనె రాస్తున్నాను. వీధి మొదట్లో గిట్టల చప్పుడు వినబడింది. మీరా తల ఎత్తాడు. చెవి అటు పెట్టాడు. బండి వాకిట్లోకి రాకముందే మంచం మీద లేచి కూర్చుని అరిచాడు. "ముంతాజ్! కుడి ముందుకాలు లాడం వదులయింది! ఇంకో అడుగు వేయించబాక, అక్కడే చేతులు దించు!"

ముంతాజ్ దిగి చూసింది. మేకులు రెండు ఊడిపోయి లాడం వేలాడుతోంది. ఇంకొంచెం దూరం పోతే గిట్ట చీలేది. ఆమె లోపలికి వచ్చి, "ఆ మేకులు ఏ షాపులోవి తేవాలి?" అని అడిగింది. మీరా చెప్పాడు. ఏ పక్క నుంచి కొట్టించాలో కూడా చెప్పాడు. అంత మాత్రమే. రాత్రి అన్నం ఆమె పెట్టిందే తిన్నాడు.

ఇనస్పెక్టరు వచ్చే రోజు దగ్గరపడింది. పోలేరయ్య అర్జీ పెట్టాడట, ఆడమనిషి తోలే బండికి బిళ్ళ ఇవ్వకూడదని. నీ మైదానంలో ఇట్టాంటివాటిని ఏమంటారు?

మదార్‌బీ, వేలిముద్ర

*

గిండీ
1961 జూలై

అక్కకు సలాములు. ముంతాజ్ బేగానికి ఈ మామ దీవెనలు, శాభాష్‌తో సహా.

కొండ దిగి గిండీ వచ్చేశాం. నువ్వు అడిగినదాన్ని అబ్జెక్షన్ అంటారు. ఓడినవాడు పెడతాడు. స్టివార్డులని పెద్దలుంటారు, వాళ్ళు ఒక గదిలో కూర్చుని రెండువైపులా విని తీర్పు చెబుతారు. వాళ్ళు చెప్పేదాకా గెలిచినవాడు గెలిచినట్టు కాదు.

అక్కా, నాకు భయంగా ఉంది. ఆ పిల్ల చేతుల మీద కాదు, ఆ జనం మీద. నాకొక ఆలోచన వచ్చింది. పరీక్ష రోజుకు నేను సెలవు పెట్టి వస్తాను. ఇనస్పెక్టరు ముందు బండి నేను తోలి చూపిస్తాను. లాంతరు నా దగ్గర గొర్రెపిల్లలా ఉంటుంది. బిళ్ళ నా పేరున వస్తుంది. నేను వెనక్కి వచ్చేశాక ఎవరు తోలుకుంటే ఎవరు చూడొచ్చారు? వెంటనే రాయించు, బండెక్కుతాను.

హనీఫా

*

ఇందుకూరుపేట
1961 జూలై

హనీఫాకు,

రావద్దు. ఒక గుర్రం పేరు మీద ఇంకో గుర్రాన్ని దించితే మీ మైదానంలో ఏం చేస్తారో నువ్వే పనిలో చేరిన కొత్తలో కథలు కథలుగా చెప్పావు, జీవితాంతం లోపలికి రానివ్వరని. మా ఇంటి బండి దొంగపేరు మీద ఎన్నడూ నడవలేదు. గెలిస్తే ఆ పిల్ల పేరు మీదే గెలవాలి. ఓడితే ఆమె పక్కన నేనున్నాను.

మదార్‌బీ, వేలిముద్ర

*

ఇందుకూరుపేట
1961 ఆగస్టు

తమ్ముడు హనీఫాకు,

జరిగింది జరిగినట్టు చెప్పిస్తున్నాను.

ఇనస్పెక్టరు స్టాండు దగ్గరికి వచ్చాడు. ఊరు ఊరంతా మూగింది. "ఎవరమ్మా తోలేది?" అన్నాడు. "నా కోడలు" అన్నాను. పోలేరయ్య ముందుకు దూకాడు.

"ఇదేం చోద్యం సార్! ఇయ్యాల ఈమె తోలితే రేపు మా పెళ్ళాలు కూడా కొరడా పడతారు!"

వెనక నుంచి కామాక్షమ్మ అందుకుంది. "నీ పెళ్ళాం ఇప్పుడు చీపురు పడితేనే నువ్వు వీధిలో ఉంటావు గదయ్యా. కొరడా పడితే నెల్లూరు దాటిపోతావు!"

ఇనస్పెక్టరుకు నవ్వొచ్చింది గానీ మింగాడు. "ముందు గుర్రం సంగతి చూద్దాం" అని బండి వెనక ఎక్కి కూర్చున్నాడు, చేతిలో ఈల. నేనూ ఎక్కాను. బురఖా ముసుగు వెనక్కి వేసి ముంతాజ్ పగ్గాలు కురచ చేసి పట్టుకుంది. లాంతరు చెవులు నిక్కబొడుచుకుంది. తర్వాత నాకు గాలి తప్ప ఏమీ తెలియలేదు. ఇనస్పెక్టరు ఒక చేత్తో టోపీ, ఒక చేత్తో బండి బొంగు పట్టుకున్నాడు. సరిగ్గా కాలవ వంతెన ఎక్కుతుండగా ఈల ఊదాడు. అదే సమయానికి ఎదురుగా నెల్లూరు బస్సు, పెద్ద హారను.

లాంతరు అదిరింది. నేను ఆ పిల్ల చేతుల వంకే చూస్తున్నాను. వేళ్ళు బిగుసుకున్నాయి, కణుపులు తెల్లబడ్డాయి. అయిపోయింది అనుకున్నాను. నోరు తెరిచి అరవబోయాను, హనీఫా, కానీ అరవలేదు. నేను అరిస్తే ఆ చేతులు ఇంకా బిగుస్తాయి. నా రెండు చేతులూ నా ఒళ్ళోనే పెట్టుకుని కూర్చున్నాను. ఆమె ఊపిరి వదిలింది. చేతులు దించింది. పగ్గం పొడుగ్గా జారింది. బస్సు పక్కనుంచి పోయింది. లాంతరు దౌడు మాని, పరుగు మాని, వంతెన దిగేసరికి నడుస్తోంది.

ఇనస్పెక్టరు దిగి గుర్రాన్ని చూద్దామని ముందుకు పోయాడు. ఇంకేముంది, ఇది నేరుగా పోయి ఆయన ఎద మీద నుదురు ఆనించింది. ఖాకీ చొక్కా నిండా నురగ.

"ఇదేం కావాలంటుందమ్మా?"

"శాభాష్ అనాలి సార్" అన్నాను నేను.

"ఎవరు? నేనా?"

"పరుగు అడిగింది తమరే గదా సార్."

ఆయన అటూ ఇటూ చూశాడు. జనం ఇంకా దూరంగా పరిగెత్తి వస్తున్నారు. నోట్లో గొణిగాడు. లాంతరు కదలలేదు, ఇంకా నెట్టింది. "గట్టిగా అనాలి సార్" అంది ముంతాజ్. ఆ రోజు ఆమె మాట్లాడింది ఆ ఒక్క మాటే. ఆయన మెడ తట్టి "శాభాష్!" అని అరిచాడు. రాయిలా నిలబడింది.

తర్వాత అసలు పేచీ. స్టాండు దగ్గర బల్ల వేసుకుని కూర్చుని, "గుర్రం బాగుంది. కానీ తోలే మనిషి కింద ఆడపేరు నేనింతవరకు రాయలేదు" అన్నాడు. పోలేరయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేను నా మాట చెప్పాను. అదే ఇక్కడ చెప్పిస్తున్నాను.

"అయ్యా, మా తమ్ముడు పందేల మైదానంలో సైసు. అక్కడ ఆడగుర్రం మగగుర్రాలతో కలిసే పరిగెత్తుతుంది. ఆడదని దాని బరువులో కొంచెం తగ్గింపు ఇస్తారట. మాకు ఆ తగ్గింపు వద్దు. స్టాండులో వరసలో మా వంతు వచ్చేదాకా నిలబడతాం. ఎక్కేవాళ్ళ సంఖ్య అందరికీ ఎంతో మాకూ అంతే. మూటలు మేమే ఎక్కిస్తాం. తప్పు చేస్తే పోలేరయ్య బిళ్ళ ఎట్టా పీకుతారో మాదీ అట్టాగే పీకండి. బరువంతా సమానంగా పెట్టండి. పెట్టాక ఎవరు ముందొస్తారో చూడండి. బరువు పెట్టకముందే పందెంలోకి రావద్దనే మైదానం ఎక్కడా లేదు."

ఆయన కలం మూత తీశాడు, పెట్టాడు. "ఇంట్లో మగవాడు ఒప్పుకున్నాడా?" అన్నాడు.

నేను దానికి జవాబు సిద్ధం చేసుకోలేదు, తమ్ముడూ. నా దగ్గర అబద్ధం కూడా లేదు. అప్పుడు వెనక జనం పక్కకు జరిగారు. మీరా. రెండు చంకకర్రల మీద, మసీదు వీధి నుంచి అక్కడిదాకా. డాక్టరు ఇంకా నిలబడవద్దన్నాడు. చెమటలు కారుతున్నాయి. "ఒప్పుకున్నాను సార్" అన్నాడు. తర్వాత ముంతాజ్ వైపు తిరిగి, "వంతెన మీద ఎడమచెయ్యి ఒక ఇసుమంత ముందు దించినావు. గిట్టల చప్పుడు ఇక్కడికి వినబడింది. రెండూ కలిపి దించాలి" అన్నాడు. తల వంచుకుని వింది ఆ పిల్ల. ముసుగు దించుకోలేదు.

బిళ్ళ ఇచ్చాడు. "ఇప్పటికి రాస్తున్నాను, మళ్ళీ వచ్చినప్పుడు చూస్తాను" అన్నాడు. చూడనీ. పోలేరయ్య మొదటివారం మా బండిని వరసలో చివరికి నెట్టించాడు. రెండోవారం ఆయన కూతురికి నొప్పులొస్తే నెల్లూరు తీసుకుపోవడానికి మా బండినే అడిగాడు, తొందరగా పోయేది అదేనని. ముంతాజ్ తీసుకుపోయింది. మగబిడ్డ. ఇప్పుడు స్టాండులో ఎవరూ నెట్టడం లేదు. ఆడవాళ్ళు మా బండి వచ్చేదాకా వేరేది ఎక్కడం లేదు. మీరా కాలు కూడుకుంటోంది. వాడు లేచాక నెల్లూరు దారి వాడిదీ, మైపాడు దారి ఆమెదీ అని ఇద్దరూ మాట్లాడుకుంటుంటే విన్నాను. ఇంకో గుర్రం కావాలి గదా అని కూడా అనుకుంటున్నారు. నీ వైపు చూస్తున్నారు. రోలరుకు కట్టింది మాత్రం పంపబాక.

ఏప్రిల్ నెలలో నీ మీద నేను పెట్టిన ఫిర్యాదు ఇందుమూలంగా వాపసు తీసుకుంటున్నాను. గుర్రం పిచ్చిది అన్న మాట కూడా వెనక్కి తీసుకుంటున్నాను. నిన్ను అన్న మాటలు ఉంచుకుంటున్నాను. రంజాన్‌కు నువ్వే వచ్చి విడిపించుకో. లాంతరుకు నీ చేత్తో ఒక శాభాష్ బాకీ ఉంది.

ఇది నేను చెప్పగా రాసి, చదివి వినిపించగా, సరిగానే ఉందని ఒప్పుకుని వేసిన

మదార్‌బీ వేలిముద్ర

రాసినది: పుష్పకుమారి, ఎలిమెంటరీ స్కూలు టీచరు

సాక్షులు:
1. కామాక్షమ్మ, కూరగాయల వ్యాపారం, ఇందుకూరుపేట (వేలిముద్ర)
2. మీరా మొహిద్దీన్, జట్కా తోలే ముంతాజ్ బేగం భర్త (సంతకం)